పోరంబోకులో ఆనపపాదు

ఈ రోజు పొద్దున్న చర్చిలో మైకు పట్టుకుని అబద్ధం చెప్పాను.

మైకు నేను అడగలేదు. సమాధుల తోట నుంచి అందరం తిరిగొచ్చాక కూడికలో పాస్టరుగారు, "అమ్మగారి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పొచ్చు" అన్నారు. ఎవరూ లేవలేదు. పాస్టరుగారి చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. లేచాను. "మా కాలనీలో ఆవిడ మొదటి మొక్క నాటిన రోజు నుంచీ నేను ఆవిడకు తోడుగా ఉన్నాను. ఆ తోట మేమంతా కలిసి పెంచుకున్నది" అన్నాను. నా గొంతు వణికింది. వణుకు నిజమే, మాటలే నిజం కావు. వెనక వరుసల్లో ఎవరో ముక్కు చీదారు. మొదటి బెంచీలో కర్ర పట్టుకుని కూర్చున్న మా కాలనీ తాపీమేస్త్రి ఒక్కడే మెడ తిప్పి నన్ను చూశాడు. చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

నిజం ఏమిటంటే ఆ తోటను పొక్లెయిన్ పెట్టి తీయించింది నేను. అర్జీ రాసింది నేను. ఆ తర్వాత మూడేళ్ళపాటు దాదాపు రోజూ ఆవిడకు ఎదురుపడ్డాను. ఒక్క రోజూ చెప్పలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. కాలనీలో ఎవరూ పేరుతో పిలవలేదు. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి నర్సమ్మ అనేవారు.

నేను ముప్ఫై మూడేళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసి ఆర్.ఐ.గా దిగాను. ఇల్లు విజయనగరం నుంచి గజపతినగరం పోయే దారిలో, ఊరు ఆగిపోయే చోట. మేడ మీద నిలబడితే వెనక గెడ్డ కనిపిస్తుంది. గెడ్డ అంటే మా వైపు వాగు. గెడ్డకూ కాలనీ వెనక గోడకూ మధ్య ఏడెనిమిది సెంట్ల పోరంబోకు, తుప్పలు పట్టి ఉండేది. ఒక శీతాకాలం పొద్దున్న ఆ తుప్పల మధ్య ఓ ముసలావిడ వంగి కనిపించింది. పక్కన అప్పుడే నాటిన ములగ కొమ్మ.

మా ఉద్యోగంలో ఉన్నవాడికి మొక్క మొక్కలా కనపడదు. పోరంబోకులో ఎవడైనా మొదట పాతేది మొక్కనే. మొక్కను పశువులు తినకుండా ముళ్ళకంప. కంప పడిపోకుండా నాలుగు రాటలు. రాటలు ఊరికే ఉండడమెందుకని పైన తాటాకు. తాటాకు నీడలో ఒక ముసలమ్మ మంచం. ఆ మంచం మీదున్న ముసలమ్మను లేపగల తహసీల్దారు ఇంకా పుట్టలేదు. ఇక్కడ మంచం ఒక్కటే తక్కువ, ముసలమ్మ ముందే వచ్చేసింది.

తెల్ల చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. కాళ్ళకు వానాకాలపు ప్లాస్టిక్ బూట్లు. ఒకప్పుడు థర్మామీటరు పెట్టుకున్న అలవాటేమో, కలుపు తీసే బొరిగెను చొక్కా జేబులో నిలువుగా పెట్టుకునేది. మొక్కల్ని ముద్దు చేసేది కాదు, తిట్టేది.

"ఒసే ఆనపా, ఎటెల్తన్నావే? పందిరి ఇటుంటే గోడెక్కుతావేటి? సిగ్గునేదా?"

వంగమొక్కతో అయితే ఇంకో గొంతు. "నిన్న సాయంత్రమే కదే నీల్లోసినాను? మల్లీ మొకం ఏలాడేసినావు. నాటకాలు నా కాడ ఆడకు, ఇలాటోల్లని వార్డు నిండా సూసినాను."

విత్తనం వేసే ముందు మాత్రం తల వంచి, కళ్ళు మూసుకుని ఏదో అనేది. ఒకసారి అడిగాను, ఏమిటా గొణుగుడు అని. "నా పనైపోనాది, ఇంక నీదే అని దేవుడికి సెప్తన్నాను" అంది.

మొదటిసారి నేను దిగి వెళ్ళింది పలకరించడానికి కాదు. "ఇది ఎవరి స్థలం అనుకుంటున్నారు?" అన్నాను, ఆఫీసు గొంతుతో.

ఆవిడ నా ముఖం చూడలేదు. నా కాళ్ళు చూసింది. "నాది కాదు తమ్ముడూ. నీది కూడా కాదు కదా?"

"గవర్నమెంటుది."

"అయితే మరీ మంచిది. ఆనపకాయలు దిగినాక వచ్చి కోసుకోమను."

మాట్లాడినంతసేపూ చూపు నా చెప్పుల మీదే. ముప్ఫై మూడేళ్ళు 'ఆర్.ఐ. గారూ' అనిపించుకున్నవాణ్ణి, ముక్కూ ముఖం తెలియని మనిషి తమ్ముడూ అంటే ఒళ్ళు మండింది. పైగా కళ్ళలోకి చూడని మనిషి ఏదో దాస్తున్నట్టే అని నా లెక్క. ఆ లెక్కతో ఎన్నో ఫైళ్ళు మూశాను.

కాయలు దిగాయి. గవర్నమెంటుకు కాదు, ఇళ్ళకు వెళ్ళాయి. గోనెసంచి భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరేది. మేడ మీద నుంచి గమనించాను. అన్ని ఇళ్ళకూ వెళ్ళడం లేదు. ఏరి ఏరి పదకొండు ఇళ్ళకు వెళ్తోంది. ఆ పదకొండింటిలోనూ అరవై దాటినవాళ్ళున్నారు. నాకు విషయం అర్థమైపోయింది. రేపు ఎవరైనా విచారణకొస్తే, 'ఈమె ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ సాగు చేసుకుంటోంది' అని వాంగ్మూలం ఇవ్వాల్సింది చుట్టుపక్కల పెద్దవాళ్ళే. సాక్షుల్ని కూడగడుతోంది, కూరగాయలిచ్చి.

ఆ ఇళ్ళలో ఒకటి మాదే. మా ఆవిడ కాయ పుచ్చుకుని గోటితో గిల్లి చూసింది.

"తిరిగి ఇచ్చెయ్" అన్నాను.

"ఏటండీ, ఆనపకాయని సూసి బయపడతన్నారు. పేల్తాదేటి?"

"అది సాక్ష్యం."

"సాక్ష్యమైతే మహ లేతగుంది. పప్పులో ఎయ్యనా, పులుసెట్టనా?"

రెండూ చేసింది. నేను ఆ రెండు రోజులూ చింతకాయ పచ్చడితో తిన్నాను. ఉప్పు ఎక్కువ తినకూడదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.

అప్పుడే మేస్త్రి వచ్చి చేరాడు. మా ఇల్లు కట్టింది అతనే. కోటబొమ్మాళి వైపు మనిషి, పని కోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. కుడిచెయ్యీ కుడికాలూ పక్షవాతానికి పోయి ఏడాదిగా మంచంలో ఉన్నాడని విన్నాను. నాలుగిళ్ళ అవతలే ఉన్నా, వెళ్ళి చూడలేదు. అలాంటిది ఒక రోజు గెడ్డ పక్కన ముక్కాలిపీట మీద కనిపించాడు, ఒళ్ళో బేసిను, బేసినులో తడిమట్టి. దాన్ని పిసుకుతున్నాడు. గంటసేపు పిసికాడు. మర్నాడూ అంతే. గోడకు మట్టి పదును చేస్తున్నాడనుకున్నాను.

కొన్నాళ్ళకు ఇంకోటి మొదలైంది. నర్సమ్మ అతని పక్కన నడిచేది. గోడ వెంబడి, తిన్నగా, పెదాలు కదుపుతూ, అడుగులు లెక్కపెడుతూ. ఆగిన చోట ఆవిడ బొరిగెతో గుంట తీస్తే అతను ఎడంచేత్తో ఒక రాయి పాతేవాడు. నెల తిరిగాక ఆ రాయికి ఆరడుగుల అవతల ఇంకో రాయి. ఆ తర్వాత ఇంకోటి. నేను మేడ మీద పిట్టగోడ వెనక నిలబడి రాళ్ళు లెక్కపెట్టాను. ఒక మేస్త్రి, మట్టి, అడుగుల కొలత, వరుసగా రాళ్ళు. ఈ నాలుగూ ఒకచోట చేరాక అది పునాది కాదని నాకు ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాను. చెయ్యి పడిపోతే ఏం, కొలతలు చెప్పడానికి నోరుంది కదా అనుకున్నాను. ఆ మాట అనుకున్నది నేనే.

ఒక మధ్యాహ్నం కూర్చుని అర్జీ రాశాను. మంచి అర్జీ. 'గుర్తు తెలియని వృద్ధ మహిళ, ఒక తాపీమేస్త్రి సహాయముతో, గెడ్డ పోరంబోకులో హద్దురాళ్ళు పాతి' అని మొదలుపెట్టి, ఒక్క పొల్లు మాట లేకుండా ఒకే పేజీలో ముగించాను. కింద పేరు పెట్టలేదు. 'ఇట్లు, కాలనీ వాసులు.' తీసుకెళ్ళి వార్డు సచివాలయంలో పెట్టెలో వేసి వచ్చాను.

రెండు రోజుల తర్వాత నర్సమ్మ మా గేటు తీసుకుని వచ్చింది. చేతిలో సంచి లేదు.

"తమ్ముడూ, సెప్పులిప్పు."

"ఎందుకూ?"

"ఇప్పమన్నానా? బేగి."

వంగి నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. అక్కడ చిన్న గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"సూడు. లెగనేదు. ఎన్నాల్లబట్టి?"

"వయసు మీద పడింది, అంతే."

"వయసుకి గుంటలు పడవు. తొలీత నిన్ను సూసిన నాడే సెప్పుల పట్టీ అచ్చు పడిపోయుంది. సూస్తన్నాను, సూస్తన్నాను, తగ్గతాదేమో అని. రేపు డాక్టరు కాడికెల్లు."

ఆవిడ వెళ్ళాక నాకొచ్చిన ఆలోచన ఒక్కటే. అర్జీ సంగతి తెలిసిపోయింది, మంచి చేసుకోవడానికి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చింది. వార్డు సర్వేయరు చిన్నపిల్ల, అర్జీ చేత్తో పట్టుకుని నిలబడింది. నేను గోడ పక్కన నలుగురిలో ఒకడిగా నిలబడ్డాను. ఆ అమ్మాయి రాళ్ళు చూపించి, "ఇవి ఎవరు పాతారు?" అని అడిగింది.

"నానేనమ్మా" అన్నాడు మేస్త్రి.

"హద్దులా?"

"హద్దులేటమ్మా?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "ఇదుగో, ఈ రాయి కాడికి నడవడానికి నాకు నెల పట్టింది. ఆ రొండోది, ఆ మరుసటి నెల. ఆ సివరిది మొన్న లక్ష్మీవారం. పడకుండా ఎల్లినాను. ఎందాకా ఎల్లినావో అక్కడ గురుతెట్టు, రేపు దాన్ని దాటు అని అమ్మ సెప్పినాది."

"మరి ఆ బేసినులో మట్టి?"

"అది ఏల్లకి కసరత్తు. ఆస్పత్రిలో రబ్బరు బంతిచ్చినారు, పిసకబుద్ది కానేదు. మట్టయితేగాని మేస్త్రి సెయ్యి కదల్దు అన్నాది అమ్మ."

సర్వేయరు కాగితం మళ్ళీ చదివింది. చుట్టూ చూసింది. "అర్జీ పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అంది. వెనక్కి తీసుకుంటున్నాను అని ఒక్క మాట అంటే ఆ అమ్మాయి మిషను తిప్పి పంపించేది. ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే నా ముప్ఫై మూడేళ్ళ సర్వీసు నలుగురి ముందూ నవ్వులపాలవుతుందని భయపడ్డాను. నేల వైపు చూశాను.

పావుగంటలో అయిపోయింది. ఆనపపందిరి పూతతో సహా కూలింది. నర్సమ్మ ముక్కాలిపీట చంకన పెట్టుకుని, "లెగు, ఇంటికెల్దాం. లెక్కెట్టు" అంది మేస్త్రితో. అతను నడిచాడుగానీ లెక్కపెట్టలేదు.

తర్వాత అతను మళ్ళీ మంచమెక్కాడు. ఆ మాట మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "రానంటే రాను, ఎవులికీ అడ్డం ఉండను అంటన్నాడట. ఆ కాయితం రాసినోడి సెయ్యి పడిపోను" అంది. ఆ చేతిలోనే అన్నం ముద్ద ఉంది నాకు. తిన్నాను.

నర్సమ్మ ఊరుకోలేదు. రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, సిమెంటు సంచులు ఎక్కడెక్కడివో పోగుచేసింది. అన్నీ బండి మీద వేయించుకుని తిన్నగా మేస్త్రి మంచం దగ్గర దింపించింది. "గవర్నమెంటు నేల వద్దన్నాది. బకెట్లో ఏసుకుంటాం నేల. ఈటికి అడుగున బెజ్జాలు ఎవులెడతారు? నాకు సేతకాదు. మేస్త్రి పని." అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడట. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజు ఆవిడ కావాలనే ఒక మంచి బకెట్టు అడ్డదిడ్డంగా పొడిచి పగలగొడుతుంటే చూడలేక, "ఇటియ్యమ్మా, పాడుసేస్తన్నావు" అని లేచి కూర్చున్నాడు.

బెజ్జాలు పెట్టిన బకెట్లు పదకొండు ఇళ్ళకూ చేరాయి. ఈసారి కాయలు కాదు, మట్టీ విత్తనాలూ. ఒంగలేనివాళ్ళకు అరుగు మీద, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకు ముక్కాలిపీట ఎత్తులో. ఎవరి బకెట్టుకు వాళ్ళే నీళ్ళు మోసుకోవాలి, కోడళ్ళు మొయ్యకూడదు. పొద్దున్న ఆరింటికి ఒకరి బకెట్టు ఇంకొకరు వెళ్ళి చూడాలి. అలా రోజూ పొద్దున్న ఆ వీధుల్లో ముసలివాళ్ళు నడవడం మొదలుపెట్టారు. గోంగూర నెపం. ఆవిడ వాళ్ళ వెనకే తిరుగుతూ ఎవరి ముఖమూ చూడకుండా అందరి పాదాలూ చూసేది.

మా ఇంటికి బకెట్టు తెచ్చిన రోజు నేను మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చున్నాను. బకెట్టు దింపి, ఆటో పిలిచి, నన్ను ఎక్కించింది. బీపీ ముదిరి మూత్రపిండాల మీదికి వచ్చిందన్నారు. మాత్రలతో, ఉప్పు మానేసి ఆపగలం అన్నారు. ఆగింది. తిరిగొస్తూ ఆటోలో ఆవిడ అన్న మాట ఇది: "పచ్చల్లు మానీ. బచ్చలి పెంచు. పక్కోడి ఇంట్లోకి సూడ్డం మానీసి బకెట్లోకి సూడు, బీపీ దానంతటదే దిగుతాది." నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది.

ఇంకోసారి పాత ప్లాస్టిక్ డబ్బా మూతలు ముక్కలుగా కత్తిరించి తెచ్చింది. "ఏ ఇత్తనం ఎప్పుడేసినామో రాసిపెట్టు తమ్ముడూ. నీ సేతిరాత బాగుంటాది." రాసిచ్చాను. రాస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న. నా చేతిరాత ఈవిడ ఎక్కడ చూసింది? నేను ఆవిడకు ఒక చీటీ కూడా రాసివ్వలేదు. అప్పటి నుంచి ఆవిడ ప్రతి మంచి మాట వెనకా వెతికాను. తెలిసే ఇలా ఉంటోందా? నాతోనే చెప్పించాలని చూస్తోందా? నన్ను శిక్షించడానికే ఇంత మంచిగా ఉంటోందా అని కూడా అనుమానించాను. ఆవిడ పెంచిన తోటకూర తింటూ అనుమానించాను.

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి నిన్న పోయింది.

కూడిక అయ్యాక చర్చి వసారాలో టీ ఇస్తున్నారు. చాలామంది వెళ్ళిపోయారు. మేస్త్రి పక్కన కూర్చున్నాను. "మేస్త్రీ, ఆ అర్జీ..." అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పొక్లెయిన్ వచ్చిన వారానికే. సర్వేయరమ్మ కాయితం సూపించినాదట. దాన్ని మీ ఇంటి గేటు కాడ నువ్వు సేత్తో రాసుకున్న నేంబోర్డుతో సరిసూసుకున్నాదట అమ్మ. నాను కర్రట్టుకుని మీ ఇంటికొచ్చీసేవోన్నే. ఆయమ్మే ఆపినాది. ఆడి కాల్లు నీరు పట్టీసినాయి, ముందు అది సూద్దాం, కోపం తరవాత పడదాం అన్నాది."

"తర్వాత పడిందా?"

"ఏమో. నాకు సెప్పనేదు." టీ గ్లాసు కుడిచేత్తో మెల్లిగా కింద పెట్టాడు. "నాకెందుకు ఇప్పుడు సెప్తన్నావు బావా? నాకు తెలుసు కదా. లోపల మైకులో అబద్దం ఎవులికి సెప్పినావో ఆలకి సెప్పు."

ఇంటికొచ్చి ముందు మా ఆవిడకు చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి, పెద్ద నీళ్ళ క్యాను నింపి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నాలుగు రోజులుగా అందరూ ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు, బకెట్లన్నీ ఎండుతున్నాయి.

మేస్త్రి గడప వదిలి, మిగతా తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళాను. ప్రతి గడపలోనూ ముందు చెప్పి, తర్వాత నీళ్ళు పోశాను. ఒకాయన వినగానే తలుపు వేసుకున్నాడు, నీళ్ళు బయటే పోసి వచ్చాను. రిటైరైన హెడ్మాస్టరుగారు, "ఆ రోజు సర్వేయరు చేతిలో అర్జీ భాష చూసి నేను అనుకున్నాను సుమండీ, రెవెన్యూ వాళ్ళదే" అన్నారు. ఒకావిడ ఏడ్చింది. నన్ను చూసి కాదు.

తొమ్మిదో ఇంట్లో ఎనభై దాటిన ముసలమ్మ. పొందూరు నేతవాళ్ళ ఇంటి మనిషి, చెవులు సరిగా వినపడవు. అరుగు మీద కూర్చుని ఉంది.

"అమ్మా, నర్సమ్మగారి తోట తీయించింది నేను" అన్నాను.

"ఏటీ? గట్టిగా సెప్పు బాబూ."

గట్టిగా చెప్పాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఇంకా గట్టిగా."

"నర్సమ్మగారి తోటను పొక్లెయిన్ పెట్టించి తీయించింది నేనే! పొద్దున్న చర్చిలో చెప్పింది అబద్ధం!"

వీధిలో మూడు నాలుగు తలుపులు తీశారు. ఎవరో స్కూటరు ఆపి చూస్తున్నారు. ముసలమ్మ నన్ను పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూసింది.

"రొండోసారే ఇనబడ్డాది" అంది. "మూడోది ఈదికి."

తర్వాత చేత్తో బకెట్టు చూపించింది. "ఇంక ఆ బచ్చలికి నీల్లొయ్యి. ఆకుల మీద కాదు, మొదట్లో."

వంగి, మొదట్లో పోశాను.